కుళ్ళవలసిన ఆకు

మా ఇంట్లో కాశీ వెళ్ళొచ్చినవాళ్ళున్నారు, తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళున్నారు, మా పెదనాన్న రంగూన్ కూడా వెళ్ళొచ్చాడు. కుళ్ళిన గడ్డి కోసం మూడొందల మైళ్ళు వెళ్ళొచ్చినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళను నలుగురూ కూర్చోబెట్టి కబుర్లు అడుగుతారు. నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగేలోపల ముసలివాణ్ణయిపోతానేమోనని నేనే రాసి పెడుతున్నాను.

దోమతెర

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. చెరువుల్లో జమ్ము అనే గడ్డి మొలుస్తుంది. మనిషికంటే ఎత్తు పెరిగి, కొసన గోధుమరంగు కండె పెడుతుంది. వానాకాలంలో అది చెరువడుగున ఉన్న సత్తువంతా లాక్కుని ఏపుగా పెరుగుతుంది. చలికాలంలో ఎండి, విరిగి, నీళ్ళలో పడుతుంది. అక్కణ్ణుంచి కుళ్ళడం మొదలు. లాక్కున్న సత్తువను మెల్లగా మళ్ళీ నీళ్ళకూ బురదకూ ఇచ్చేస్తుంది. ఏ రుతువులో ఎంత ఇచ్చేస్తుంది అన్నదే నా పరిశోధన.

పరిశోధన అంటే మరీ పెద్ద మాట. ఎండిన జమ్ము ఆకు పది గ్రాములు తూచి, సన్నని వలసంచిలో పెట్టి కుట్టి, చెరువులో పాతిన కర్రకు కట్టి నీళ్ళలో వదలాలి. రుతువు మారినప్పుడల్లా కొన్ని సంచులు తీసి, ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. తగ్గినదంతా చెరువు తిన్నట్టు లెక్క. ఇంతే. దీనికి వలసంచులు కావాలి గనక, మా మేనమామ మద్రాసునుంచి తెచ్చిన నైలాన్ దోమతెరను అమ్మ పుట్టింటికి వెళ్ళినప్పుడు కత్తిరించాను. పద్దెనిమిది సంచులయ్యాయి.

"నన్ను దోమలు కుట్టినా ఫరవాలేదురా. గడ్డికి దోమతెర కట్టిన కొడుకుని మాత్రం ఈ ఏలూరులో ఎక్కడా చూళ్ళేదు" అంది అమ్మ తిరిగొచ్చాక. అప్పటినుంచీ మా ఇంట్లో దోమ కనబడ్డప్పుడల్లా నా థీసిస్ ఎంతవరకు వచ్చిందని అడగడం ఆనవాయితీ అయింది.

కొల్లేరు పక్కనే పెట్టుకుని నిజామాబాద్ జిల్లాదాకా ఎందుకు వెళ్ళావని మీరు అడగొచ్చు. దానికి ఒక శాస్త్రీయ కారణం ఉంది. మా ప్రొఫెసరుగారి బావమరిది విశ్వనాథంగారికి బోధన్‌లో ఉద్యోగం. ఆయనింట్లో భోజనం, వసతి ఉచితం.

పంతొమ్మిదివందల అరవై ఆరు వానాకాలం చివర సంచులు దింపాను. చలికాలంలో ఆరు, ఎండలు మొదలయ్యేటప్పుడు ఆరు తీశాను. నడి ఎండాకాలంలో తీయాల్సిన చివరి ఆరు మిగిలాయి. ఈ ప్రయాణం ఆ ఆరు సంచుల కోసం. జూన్‌లో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఎండాకాలపు లెక్క దొరికితే థీసిస్ పూర్తవుతుంది, థీసిస్ ఉంటే ఉద్యోగం. లేకపోతే ఇంకో ఏడాది పిల్లలచేత ఉల్లిపొరలు కోయిస్తూ డిమాన్‌స్ట్రేటర్‌గా ఉండిపోవాలి. నాకు అప్పటికే ఉల్లిపాయ వాసన వస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి, కోయకముందే.

రైల్లో కాశ్మీరు

కాచిగూడలో మీటరుగేజి చిన్నబండి ఎక్కాను. నా ఎదురుగా జక్రాన్‌పల్లి రైతు ఒకాయన, మోకాళ్ళమీద మక్క పేలాల మూట పెట్టుకుని కూర్చున్నాడు. పసుపు పండిస్తాడట. గోళ్ళు చూస్తేనే తెలుస్తోంది. నాకు రెండు దోసిళ్ళ పేలాలు పోసి, ఆ తరవాతే మాట కలిపాడు. మా వైపు ముందు ఊరూ పేరూ గోత్రమూ కనుక్కుని, నచ్చితే అప్పుడు పెడతారు. ఈ పద్ధతే నాకు బాగుంది.

"ఏడికి సారూ పోవుడు?"

"బోధన్ దగ్గరికండి. జమ్ము కోసం."

ఆయన పేలాలు నమలడం ఆపాడు. "జమ్మూనా? గది కాశ్మీర్ దిక్కు గద సారూ! ఈ రైలు గాడికి పోదు." పక్కనున్న భార్యవైపు తిరిగి, "సూసినవా, సదువుకున్నోడు. రైలు తప్పెక్కిండు" అన్నాడు జాలిగా.

నేను నోరు తెరిచేలోపల పెట్టెంతా సంగతి పాకిపోయింది. ఒకాయన మన్మాడ్‌లో దిగి ఢిల్లీ బండి పట్టుకోమన్నాడు. ఇంకొకాయన అక్కడ మంచు పడుతుందనీ, ఈ చొక్కాతో వెళితే బతకననీ అన్నాడు. ఒక ముసలమ్మ తన శాలువా తీసి చూపించి, నిజామాబాద్ అంగట్లో ఇలాంటివి దొరుకుతాయంది. చివరికి నేను పోస్టుకార్డు వెనక జమ్ము మొక్క బొమ్మ గీసి చూపించాను.

"ఓర్నీ, జమ్ము గడ్డా! చాపలల్లే గడ్డి గదా. గది మా ఊరి చెర్ల నిండ ఉన్నది. దానికోసం గింత దూరం వస్తరా?"

"మామూలుది కాదండి. బాగా కుళ్ళింది కావాలి."

ఆయన మెల్లగా పేలాల మూట తీసి అవతలి పక్కన పెట్టుకున్నాడు. నిజామాబాద్ వచ్చేదాకా నాకు ఇంకో గింజ పెట్టలేదు.

ఆకు అంటే ఆకు కాదు

నిజామాబాద్‌లో దిగేసరికి పసుపు అంగడి మంచి ఊపులో ఉంది. యార్డునిండా పసుపు కొమ్ముల రాసులు, పసుపురంగు మనుషులు, పసుపురంగు ఎద్దులు. అటునుంచి ఇటు ఒక్కసారి నడిచాను, అంతే. నా తెల్లచొక్కా పెళ్ళికొడుకు చొక్కా అయింది. ఒక హమాలీ నన్ను ఎగాదిగా చూసి, "పిల్ల ఏ ఊరు సారూ?" అని నవ్వుతూ పోయాడు.

ఆకలి మండిపోతోంది. ఒక చిన్న భోజనశాలలో దూరి, మా ఏలూరు అలవాటు ప్రకారం, "ఆకు వేస్తారా?" అని అడిగాను. మాకు ఆకు వేయడమంటే భోజనానికి విస్తరి వేయడం. యజమాని తల అడ్డంగా ఊపాడు.

"ఆకు ఈడ దొర్కదు సార్. కార్ఖానల అడుగుండ్రి."

"భోజనం లేదా?"

"తిండి ఎందుకు లేదు సార్? కూసోండ్రి. ఆకే లేదు."

తళియలో జొన్నరొట్టె, పక్కన గిన్నెలో పులుసు వచ్చాయి. పులుసు చల్లగా ఉంది. కాచడం మరిచిపోయారేమో అనుకున్నాను. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసి అలాగే ఇచ్చేస్తారు, పచ్చిపులుసు అంటారు. మొదటి గుక్కకు మొహం చిట్లించాను, రెండో గిన్నె నేనే అడిగాను. ఉల్లిపాయను క్షమించడం నాకు ఆ రోజునుంచే అలవాటయింది.

ఆకు సంగతి బస దగ్గర తెలిసింది. రిజిస్టరులో "పని" అన్నచోట "ఆకు పరిశోధన" అని రాశాను. బస యజమాని అది చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు, వీధివైపు ఫ్యాను ఉన్న గది తీయించాడు.

"ఏ కార్ఖాన సార్ మీది? మా చెల్లె మంచిగ చేస్తది. దినాం వెయ్యి కట్టలు గాదుగని, వెయ్యి బీడీలైతే ఖాయం."

అప్పుడు వెలిగింది. ఆ ఊళ్ళో ఏ వీధి అరుగు చూసినా ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపిస్తారు. అక్కడ ఆకు అంటే తునికాకు. వేరే ఆకులకు పేర్లుంటాయి గానీ, ఒట్టి ఆకు అంటే మాత్రం అదే. సాయంత్రం నీళ్ళలో తడిపి, గోనెలో చుట్టి ఉంచి, పొద్దున్నే కత్తెరతో కత్తిరిస్తారు. నన్ను బీడీల సేటు అనుకున్నాడు పాపం.

"నా ఆకు వేరండి. అది చెరువులో ఉంది" అన్నాను.

"చెర్లనా! ఎన్ని దినాలాయె?"

"ఏడు నెలలు."

"ఏడు నెలలా!" ఆయన చాయ్ గ్లాసు బల్లమీద పెట్టేశాడు. "ఒక్క రాత్రి ఎక్కువ నానితెనే ఖరాబైతది గద సార్!"

"ఖరాబు కావాలనే పెట్టానండి."

ఫ్యాను ఉన్న గదికి అప్పుడే వేరే పార్టీ వచ్చారని ఆయనకు గుర్తొచ్చింది. నాకు మెట్లకింద గది ఇచ్చాడు. అయితే చాయ్‌కి మాత్రం డబ్బులు తీసుకోలేదు. ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాను. ఆయన మాటను కొంచెం పట్టించుకుని ఉండవలసింది అని ఇప్పుడనిపిస్తుంది.

తీపి ఊరు

బోధన్ బస్సు దిగకముందే బోధన్ వచ్చిందని ముక్కు చెబుతుంది. చెరుకు పిప్పి, బెల్లపు మడ్డి కలిసిన వాసన. మొదటి గంట హాయిగా ఉంటుంది, రెండో గంటకు తల తిరుగుతుంది, మూడో గంటకు మనకే ఆ వాసన వస్తుంది. అంగట్లో ఒకామె మరాఠీలో బేరం చేస్తుంటే దుకాణదారు ఉర్దూలో ధర చెప్పి తెలుగులో తిట్టుకుంటున్నాడు. ముగ్గురికీ అన్నీ అర్థమవుతున్నాయి, నాకొక్కడికే ఏదీ కావడం లేదు.

విశ్వనాథంగారు అక్కడి పంచదార ఫ్యాక్టరీలో నాణ్యం చూసే కెమిస్టు. మావైపునుంచి ఎవరొచ్చినా ఆ వైపు నీళ్ళు సీసాలో తెచ్చారా అన్నట్టు చూస్తారు. నేను తెచ్చిన ఆవకాయ జాడీని ఒళ్ళో పెట్టుకుని మూత తీసి వాసన చూశారు.

"ఈ ఊళ్ళో పదేళ్ళనుంచి ఉంటున్నానోయ్. చారులో ఉప్పు వేసినా తియ్యగానే అనిపిస్తుంది" అన్నారు.

ఆయనింట్లో మంచం కాళ్ళకింద నీళ్ళ పళ్ళేలు. చీమలకోసం. ఆ ఇంట్లో మనుషులు చీమలమధ్య కాపురం ఉంటున్నారు అనాలి. పొద్దున్న లేచేసరికి నా సంచిలోని పళ్ళపొడికి బారులు కట్టాయి. అయినా ఆయన దగ్గర మిల్లీగ్రాము వరకు తూచే తక్కెడ ఉంది. సంచులు తెచ్చీ తేవడంతోనే ఆరబెట్టి తూచేసుకోవచ్చు. మర్నాడు పొద్దున్నే కోటగిరి బస్సెక్కి చెరువు దగ్గర దిగాను. ఆ ఊరి పేరు మాత్రం రాయను, రాస్తే నర్సవ్వ ఊరుకోదు.

అవ్వ ఇంట్ల లేదు

నర్సవ్వది చెరువుకట్ట కింద మొదటి ఇల్లు. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్ళుగా బీడీలు చుడుతోంది. పోయినసారి ఒక గేదె, అక్కడ బర్రె అంటారు, ఒక కర్రను పీకి సంచులతో సహా లాక్కుపోబోయింది. దాన్ని తరిమినదీ, కర్ర తిరిగి పాతినదీ నర్సవ్వే. వెళ్ళేటప్పుడు ఆమెకు అప్పజెప్పి వెళ్ళాను. అప్పటినుంచీ ఊళ్ళో నా పేరు ఆకు సారు.

కట్టమీద నిలబడి చూశాను. చెరువు సగానికి ఎండింది. ఎండినచోట జనం మట్టి తవ్వి బండ్లకెత్తుతున్నారు. నీళ్ళంచున నేను పాతిన కర్రలు రెండు నిటారుగా ఉన్నాయి, మూడోది లేదు. నిలబడ్డ కర్రలకు తాళ్ళు వేలాడుతున్నాయి. తాళ్ళకు సంచుల్లేవు.

కాళ్ళలో సత్తువ పోయింది. అది ఏ రుతువులో ఎంత పోతుందో లెక్క కట్టే ఓపిక లేదు గానీ, ఒక్కసారే పోయింది. కట్ట దిగి పరుగెత్తాను.

అరుగుమీద కోడలు లచ్చిమి బీడీలు చుడుతోంది. నన్ను చూడగానే ఇంట్లోకి ఒక చూపు విసిరి, "అత్త ఇంట్ల లేదు" అంది. నేనింకా అడగనేలేదు.

"ఎక్కడికెళ్ళింది?"

"ఊరికి పోయింది."

"ఏ ఊరు?"

లచ్చిమి మళ్ళీ లోపలికి చూసింది. "ఏ ఊరికి పోయినవ్ అత్తా?" అని అడిగింది.

"నిజామాబాద్ అని చెప్పు" అంది లోపలినుంచి గొంతు.

"నిజామాబాద్" అంది లచ్చిమి.

వంగి చూశాను. వడ్లు పోసుకునే గుమ్మి వెనకనుంచి రెండు పాదాలు, కడియాలతో సహా, కనిపిస్తున్నాయి. "నర్సవ్వా, నేను. ఆకు సారును. సంచులేవీ?" అన్నాను. పాదాలు రెండూ లోపలికి ముడుచుకున్నాయి. నేనూ అరుగుమీద చతికిలబడ్డాను. లచ్చిమి పది బీడీలు చుట్టింది. ఆ తరవాత గుమ్మి వెనకనుంచి వెక్కిళ్ళు వినిపించాయి.

"మొగం ఎట్ల సూపియ్యాలె బిడ్డా? నలభై ఏండ్ల సంది ఆకు పని జేస్తున్న. ఒక్క ఆకు తక్కువచ్చిందని ఏ సేటన్న అన్నడా? గిప్పుడు నీకాడ మాట వోయె."

బయటికొచ్చింది. చేతిలో తడిగోనె మూట. నా ఎదుట పెట్టి విప్పింది. నాలుగు కట్టలు. జమ్ము ఆకులు ఒక్కొక్కటీ కడిగి, తుడిచి, ఒక్క కొలతకు కత్తిరించి, దారంతో కట్టి ఉన్నాయి. పక్కన నా దోమతెర సంచులు ఉతికి, మడతపెట్టి, మీద నా అల్యూమినియం నంబరు బిళ్ళలు. బిళ్ళలు కూడా చింతపండుతో తోమినట్టున్నాయి, తళతళ మెరుస్తున్నాయి.

"ఇదేమిటవ్వా?" అన్నాను.

"నువ్వే గద బిడ్డా అన్నవ్, 'ఆకు పాడు కాకుండ సూడు అవ్వా' అని. నువ్వు పోయిన తెల్లారే తీసిన. నీళ్ళల్ల గన్ని దినాలు ఉంచితె ఆకు ఉంటదా? సదువుకున్నోనివి, నీకు తెల్వదేమో అనుకున్న. మురిగిన కొసలు కత్తెరతోని తీసేసిన. దినం విడిచి దినం గోనె తడుపుకుంట, ఎండ తాకనియ్యకుంట కాపాడిన. జమ్ముతోని బీడీలేందో నాకు సమజ్ కాలె. పట్నంల కొత్తగ వచ్చినయేమో అనుకున్న."

నిజమే, అన్నాను. పోయినసారి బస్సెక్కుతూ, అచ్చం ఆ మాటే అన్నాను. కుళ్ళడం మీద థీసిస్ రాస్తున్నవాణ్ణి, కుళ్ళడానికి పెట్టిన ఆకును, ఆకు పాడు కాకుండా చూడడమే జీవితమైన మనిషికి అప్పజెప్పి, పాడు కాకుండా చూడమన్నాను. నాలాంటి వెధవ రెండు జిల్లాల్లో ఉండడు. ఎవరూ కదిలించకుండా చూడు అని నా భావం. భావం బస్సులో నాతోపాటు వచ్చేసింది, మాట ఒక్కటీ అక్కడ మిగిలింది.

ఏడుపు తన్నుకొచ్చింది, నిజంగా. జూన్, ఇంటర్వ్యూ, ఉల్లిపొరలు, అమ్మ దోమతెర, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇంకో వానాకాలం, ఇంకో చలికాలం, మళ్ళీ మొదటినుంచి. ఆమెమీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ ఆ కట్టలు చూస్తే రాలేదు. నేను నా నోట్సులు కూడా అంత శుభ్రంగా ఉంచుకోలేదు.

"పోనీలే అవ్వా. ఇంత బాగా చూశావు కదా, ఎందుకు దాక్కున్నావు?"

నర్సవ్వ కొంగుతో మొహం కప్పుకుంది. "ఆరు సంచులు గద బిడ్డా నువ్వు అప్పజెప్పింది? గివి నాలుగే. నువ్వు పోయిన రాత్రే ఆ బర్రెముండ మళ్ళొచ్చి కర్ర గుంజింది. రెండు సంచులు బురదల వోయినయ్. మోకాటి లోతు దిగి మూడు దినాలు దేవులాడిన. దొర్కలే. గీపాటికి మొత్తం మురిగిపోయుంటయ్."

నేను లేచి గంతులేశాను. పెద్ద మాట కాదు, నిజంగానే వేశాను. చూరుకు తల కొట్టుకుంది.

"మురిగిపోయుంటాయా? నిజంగానా? ఎక్కడవ్వా, ఎక్కడ?"

"అత్తా, సారుకు ఎండదెబ్బ తగిలింది. సల్ల తేనా?" అంది లచ్చిమి.

మట్టి బండి వెంట

బర్రె లాగినచోటికి వెళ్ళేసరికి అక్కడ చెరువు లేదు. గుంట ఉంది. ఆ మూల మట్టంతా రెండు రోజులకిందటే సాయన్న అనే రైతు తన పసుపు చేనుకు తోలుకుపోయాడట. గోరుచుట్టుమీద రోకటిపోటు. సాయన్న బండి అప్పుడే ఇంకో మూలనుంచి నిండి కట్ట ఎక్కుతోంది. నర్సవ్వ కొంగు నడుముకు బిగించి, "ఓ సాయన్నా! బండి ఆపు! సారు ఆకు నీ మట్టిల వోయింది!" అని కేకేసింది. సాయన్న వెనక్కి చూశాడు. చొక్కా తొడుక్కున్నవాడొకడు కాయితాలు పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. సర్కారువాడనుకుని బండి ఇంకా జోరుగా తోలాడు.

మైలున్నర పరుగెత్తాం. నర్సవ్వ ముందు, నేను వెనక. ఆమె ఒకచోట ఆగి నాకోసం చూసింది కూడా. నా చెప్పు ఒకటి బండిజాడలో దిగబడిపోయింది, రెండోదాన్ని నేనే వదిలేశాను. చేను దగ్గర పట్టుకున్నాం.

"సారూ, చెర్ల మట్టికి గిన కాయిదం గావాల్నా? ఊరంత తోలుతున్నరు, నేనొక్కన్నేనా?" అన్నాడు సాయన్న చేతులు కట్టుకుని.

"నాకు నీ మట్టి వద్దు సాయన్నా. అందులో కుళ్ళిన జమ్ము ఆకు ఉంది, అదొక్కటీ చాలు."

సాయన్న తలపాగా తీసి దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. "మట్టంత గదే గద సారూ" అన్నాడు.

వంగి ఒక పెళ్ళ విరిచి నా చేతిలో పెట్టాడు. నల్లగా, మెత్తగా ఉంది. అందులో సన్నటి నారలు.

"జమ్ము లేనికాడి మట్టి తెల్లగుంటది, నేను ముట్టను. జమ్ము ఉన్నకాడ్నే తవ్వుకుంట. వానలకు మొలుస్తది, సలికి ఎండుతది, నీళ్ళల్ల వడి మురుగుతది. ఎండకాలం మేం ఎత్తుకొస్తం. పసుపు గిట్ల, గడ్డ గింత లావు ఊరుతది. మా తాతనాటి సంది గిదే. దీంట్ల పరీక్ష ఏముంది సారూ?"

నా థీసిస్ మొదటి మూడు అధ్యాయాలు అయిపోయాయి. అవి రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆయనకు బండి దించేంతసేపు కూడా పట్టలేదు. నాకు కొంచెం కడుపుమంట వేసిందని ఒప్పుకుంటాను.

"ఎంత మురుగుతుందో తెలుసా?" అన్నాను పంతంగా.

ఆయన ఆలోచించాడు. "గది తెల్వదు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

చేనునిండా మట్టికుప్పలు, నలభైకి తక్కువ ఉండవు. బండి దించిపెడితే వెతుక్కోమన్నాడు సాయన్న. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు గానీ, ఆ రోజు నేను అడుసులో కూర్చుని, పడుకుని, ఒకసారి నోట్లోకి కూడా పోనిచ్చుకుని వెతికాను. మధ్యాహ్నం సాయన్న మక్క గట్క, అదే మొక్కజొన్న సంకటి, మామిడికాయ తొక్కు పెట్టాడు. గట్కలో కూడా మట్టి వాసనే. అయినా అంత రుచిగా ఏ పెళ్ళి భోజనమూ తినలేదు. నర్సవ్వ తినలేదు. ఎండలో ఒక్కో కుప్పా చేత్తో చెరుగుతూ పోయింది. అది ఆమెకు నా ఇంటర్వ్యూ సంగతి తెలిసి కాదు. రెండు సంచులు తక్కువొచ్చాయి, అంతే.

పొద్దు వాలుతుండగా మొదటిది దొరికింది. ఎద్దు తొక్కి చిరిగి, లోపల ఒట్టి మట్టి. లెక్కకు పనికిరాదు. నేను నడుం పట్టుకుని కూలబడ్డాను. ఇంకో ఆరు కుప్పల తరవాత నర్సవ్వ గొంతు వినిపించింది. "దొరికింది బిడ్డా!"

బిళ్ళ ఉంది. కుట్లు ఉన్నాయి. ఎక్కడా చిరగలేదు. అక్కడే, కుండలో నీళ్ళు పోసి పైమట్టి కడిగి, బ్లేడుతో కుట్లు విప్పాను. పది గ్రాముల ఆకు పెట్టిన సంచిలోనుంచి నల్లటి నారలు చిటికెడు, నా అరచేతిలో పడ్డాయి. అంతే మిగిలింది. ఎండాకాలపు లెక్క దొరికింది.

నర్సవ్వ నా చేతిలోకి చూసింది. ఆమె మొహం వాడిపోయింది.

"అయ్యో కొడుకా! మొత్తం ఖరాబాయె గదరా!"

"అవునవ్వా. మొత్తం ఖరాబయింది" అన్నాను. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి.

ఆ కన్నీళ్ళు చూసి ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది. మట్టిచేత్తోనే నా తల నిమిరింది. "ఏడ్వకు బిడ్డా, ఏడ్వకు. ఏం జేస్తం" అంటూ తనూ ఏడ్చింది. నేను సంతోషంతో ఏడుస్తున్నానని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. చెబితే, ఆ నాలుగు కట్టల సంగతి కూడా చెప్పాలి. రెండు నెలలు, దినం విడిచి దినం, గోనె తడిపిన సంగతి. చెప్పలేదు. జీవితంలో ఒక్కసారి మనం గెలిచినప్పుడు ఓదార్చేవాళ్ళు దొరకడం కూడా మంచిదే అనుకుని ఊరుకున్నాను.

తిరుగు మూట

మర్నాడు బస్సు దగ్గరికి నర్సవ్వ తడిగోనె మూట తెచ్చింది. "రెండు వోతె వోయినయ్. గీ నాలుగైతె మంచిగున్నయ్. వీటితోని ఎల్లదీసుకో" అంది. నా ఉద్యోగం దానిమీదే ఉన్నట్టు రెండు చేతులా అందించింది. వద్దనడానికి నాకేం హక్కుంది? ఈసారి మాత్రం నోరు జారకుండా, "వెళ్ళొస్తానవ్వా" అని ఒక్క మాటే అన్నాను.

విశ్వనాథంగారి తక్కెడలో ఆ చిటికెడు నారలు తూచాము. చీమ ఒకటి పళ్ళెంలో ఎక్కితే దాన్ని దించి మళ్ళీ తూచాము. మా ప్రొఫెసరుగారు కథంతా విని, ఒక్క సంచయినా సంచేనని ఒప్పుకున్నారు. పోయిన నాలుగింటి గురించి థీసిస్‌లో ఒక వాక్యం రాయమన్నారు. "స్థానికుల అతిశ్రద్ధ వల్ల నాలుగు నమూనాలు నష్టపోయాయి" అని రాశాను. జూన్‌లో ఉద్యోగం వచ్చింది. అమ్మకు మొదటి జీతంతో దోమతెర కొన్నాను.

నర్సవ్వ ఇచ్చిన నాలుగు కట్టలూ ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. ఒక్క ఆకు పాడు కాలేదు.